హాల్వర్ నదిని తూచిన రోజు

హాల్వర్ ఆగార్డ్ ఒకసారి నదిని స్నానాలగది కాటా మీద పెట్టి తూచాడు. నది మొత్తాన్నీ అంటే నమ్మరు కాబట్టి కొంత తగ్గించుకుందాం. ఒక పుస్తకం ఎంత నదిని తాగగలదో అంతే తూచాడు. రెండుంపావు పౌన్ల పుస్తకం నీళ్ళలో పడి లేచాక అయిదున్నర తూగింది. పెరిగిన మూడుంపావూ నదే కదా. అంతవరకు నిజం.

హాల్వర్‌ది ఉత్తర డకోటాలోని సోల్‌బర్గ్. ధాన్యం గోదాము దగ్గర లారీల కాటా చూసేవాడు. గోధుమల లారీ గేటులోకి తిరుగుతుండగానే టైర్లు చూసి బరువు చెప్పేవాడనీ, కాటా కాసేపు అటూ ఇటూ ఊగి చివరికి అతని మాటే ఒప్పుకునేదనీ ఊళ్ళో అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. అతనికి ఉన్నవల్లా శుక్రవారాలు.

శుక్రవారం సాయంత్రం అతని నేలమాళిగలో ఆట ఉండేది. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే కథల ఆట అది. హాల్వర్ కథ నడుపుతాడు. స్కూలు బస్సు తోలే డోరీన్ అందులో దొంగ, హార్డ్‌వేర్ కొట్టు ఆర్లో మంత్రగాడు. ఎవరి దెబ్బ తగిలిందో ఎవరిది తప్పిందో పాచికలు చెబుతాయి. పాచికలు చెప్పినదానికి అర్థం పుస్తకాలు చెబుతాయి. పంతొమ్మిదేళ్ళలో ఆ పుస్తకాలు నూట నలభై మూడయ్యాయి. రాక్షసులకు ఆరు, నిధులకు తొమ్మిది, ఎవరూ ఎన్నడూ అడుగుపెట్టని ఎడారికి రెండు.

కాటా మనిషి కావడంతో ఆటలోనూ అతనికి బరువు పిచ్చి ఉండేది. నిబంధనల పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది: మనిషి ఎంత మోయగలడు, ఎంత దాటితే నడక మందగిస్తుంది, ఎంత దాటితే కూలబడతాడు అని. లోకంలో ఈ ఆట ఆడేవాళ్ళంతా ఆ అధ్యాయం కనబడనట్టు నటిస్తారు. హాల్వర్ ఒక్కడే దాన్ని అక్షరం వదలకుండా అమలు చేశాడు. “ఆ తాడు తొమ్మిది పౌన్లు. దించెయ్” అన్నాడు ఒక శుక్రవారం. డోరీన్ దించేసింది. మరుసటి వారం ఆటలో ఆమె దొంగ బావిలో పడి, ఎక్కే దారి లేక చచ్చిపోయింది. అది పదకొండేళ్ళ కిందటి మాట. డోరీన్‌కు మాత్రం నిన్నటిది.

ఆ ఏప్రిల్‌లో మంచు అంతా ఒక్కసారిగా కరిగింది. వారం రోజులు ఊరు ఊరంతా ఇసుక బస్తాలు మోసింది. శుక్రవారం తెల్లవారుతుండగా కట్ట తెగింది. కరెంటు పోయింది, నేలమాళిగలో నీళ్ళు తోడే మోటారు ఆగింది. హాల్వర్ గుండెలకు హత్తుకుని, గడ్డం కింద ఇరికించుకుని పుస్తకాలన్నీ వంటింట్లోకి చేరవేశాడు. చివరి విడతలో నిబంధనల పుస్తకం చేయి జారి మెట్ల కింద నీళ్ళలో పడింది. మెడలోతు దిగి దాన్ని బయటికి తీశాడు. పుస్తకాలను పొయ్యి మీదా, ఫ్రిజ్ మీదా పేర్చి ఊపిరి తీసుకునేలోపు నీళ్ళు వంటింటి గడప దాటాయి.

కిటికీ దగ్గరికి ఆర్లో చేపల పడవ వచ్చింది. అందులో ఆర్లో, డోరీన్, పక్కింటి ముసలావిడ ఇంగ్‌బోర్గ్. ఆవిడ ఒళ్ళో బంగాళాదుంప రొట్టెలు కాల్చే ఇనుప పెనం.

“దూకరా హాల్వర్!” అని ఆర్లో అరిచాడు. “ఇది ఆఖరి విడత. అవతలి వీధిలో ఇళ్ళు కదిలిపోతున్నాయి.”

“పుస్తకాలు?”

“నీ పుస్తకాల మీద మన్నుపొయ్య. నా కొట్టు మునిగింది. రేపు పొద్దున్నే అరిజోనా, మా చెల్లెలి దగ్గరికి పోతున్నా. ఇక తిరిగి రాను.”

హాల్వర్ కిటికీ చట్రం పట్టుకున్నాడు. “ఇవాళ శుక్రవారం” అన్నాడు.

“ఊరే లేదురా. శుక్రవారం ఎక్కడ పెట్టుకుంటావు?”

ఆర్లో వెళ్ళిపోతే ఇద్దరు మిగులుతారు. ఇద్దరితో ఆట నడవదు. హాల్వర్‌కు కాళ్ళ చుట్టూ ఉన్న చల్లదనం అప్పుడు తెలిసింది. ఈ సాయంత్రం ఎక్కడో ఒకచోట, ఏదో ఒక బల్ల మీద పుస్తకాలు తెరవగలిగితే తప్ప ఆర్లో ఆగడు. అది మాత్రం అతనికి ఖాయంగా తెలుసు.

డోరీన్ పడవ అంచు మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది. “కాటా బాబూ, నువ్వే చెప్పు. ఈ పడవ ఇంకా ఎంత మోస్తుంది?”

పడవ వెనక రేకు మీద తయారుచేసినవాళ్ళు వేసిన బరువు అంకె ఉంది. హాల్వర్ ఆర్లోను చూశాడు, డోరీన్‌ను చూశాడు, ఇంజను చూశాడు.

“నన్ను తూచావంటే పెనంతో కొడతా” అంది ఇంగ్‌బోర్గ్.

“మిమ్మల్ని అంచనా వేశానంతే మామ్మగారూ.” నీళ్ళు పడవ అంచుకు నాలుగు వేళ్ళ కింద ఉన్నాయి. జీవితంలో మొదటిసారి హాల్వర్‌కు బరువు విషయంలో అబద్ధమాడాలనిపించింది. నోరు తెరిచాడు. వచ్చింది నిజమే. “నేను ఎక్కాక పన్నెండు పౌన్లు.”

“నేననలేదు, నువ్వే అన్నావు” అంది డోరీన్. ఆమె గొంతులో పదకొండేళ్ళ బావి ఉంది. “దించెయ్.”

స్నానాలగది కాటాను వంటింటి గట్టు మీద పెట్టి హాల్వర్ తూచడం మొదలుపెట్టాడు.

“నా మంత్రాల పుస్తకం!” అన్నాడు ఆర్లో, అరిజోనా సంగతి ఒక్క క్షణం మరిచిపోయి.

“నీకెందుకురా? పంతొమ్మిదేళ్ళుగా ఒకటే మంత్రం. నిప్పంటించడం” అన్నాడు హాల్వర్.

“రాక్షసులవి ఆరున్నాయిగా, ఏది తెస్తావు?” అని డోరీన్ అడిగింది.

“మొదటిది. మిగతా అయిదూ దాని పిల్లలే.” అది మూడున్నర. చేతికి బంగారు అంచుల దేశపటాల పుస్తకం తగిలింది. ఇంట్లోకెల్లా అందమైనది. దాన్ని ఎన్నిసార్లు తెరిచాడో గుర్తు చేసుకున్నాడు. మూడుసార్లు, మూడూ ఇతరులకు చూపించడానికే. ఫ్రిజ్ మీదికి తోసేశాడు. దాని పక్కన వీపు ఊడి, టేపు అతికించి, కాఫీ మరకలతో పేర్ల పుస్తకం. సత్రం యజమానుల పేర్లు, కాపలావాళ్ళ పేర్లు, ఎవరి జేబులో ఏముంటుందో పట్టికలు, ఇంతే ఉంటాయి అందులో. తను నెలంతా కష్టపడి గీసిన గుహలోకి వీళ్ళు ఏనాడూ వెళ్ళలేదు. వీధి మలుపులో రొట్టెలమ్మేవాడి పేరేమిటని అడిగి, వాడితోనే మూడు గంటలు కూర్చునేవారు. అదీ మూడున్నర.

ఇక నిబంధనల పుస్తకం. కంఠతా వచ్చు. కానీ పేజీ చూపించకపోతే డోరీన్ సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నా ఒప్పుకోదు. తడిసినది అయిదున్నర. మొత్తం పన్నెండున్నర.

“అర పౌను ఎక్కువ” అన్నాడు హాల్వర్.

“అర పౌనుకు ఏమవుతుందిరా!” అన్నాడు ఆర్లో.

“ఇతనితో ఆ మాట నేను పదకొండేళ్ళ కింద అన్నాను” అంది డోరీన్.

ఎక్కడో ఒక ఇంటి గోడ విరిగిన చప్పుడు వచ్చింది. ఇంగ్‌బోర్గ్ కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకుంది. హాల్వర్ తడి పుస్తకం తెరిచాడు. నూట పదో పేజీ దగ్గర అతని వేలు దానంతటదే ఆగింది. మనిషి ఎంత మోయగలడు. ఆ అధ్యాయాన్ని పిడికిట పట్టి, ఒక్క గుంజుకు చింపి, నీళ్ళలోకి వదిలేశాడు. కాగితాలు వంటింట్లో ఒక చుట్టు తిరిగి, గడప దాటి బయటికి, నదిలోకి వెళ్ళాయి. కాటా చూశాడు. పన్నెండు.

డోరీన్ కాస్త జరిగి అతనికి చోటిచ్చింది.

ఎత్తు మీద ఉన్న పక్క ఊరి బడిలో ఆటల హాలు నిండా మడత మంచాలు వేశారు. చర్చి ఆడవాళ్ళు బంగాళాదుంప ముక్కలు పరిచి కాల్చిన మాంసం కూర వడ్డిస్తున్నారు. జనం దుప్పట్లు కప్పుకుని గోడల వైపు చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి హాల్వర్ ఒక మంచం మీద మూడు పుస్తకాలు పరిచాడు. పేజీల మధ్య చేతి తువ్వాళ్ళు పెట్టాడు. పాచికలు అతని చొక్కా జేబులోనే ఉన్నాయి.

ఆర్లో కాసేపు దూరంగా నిలబడ్డాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు. “ఊళ్ళోకి వరదొచ్చింది” అని కథ మొదలుపెట్టాడు హాల్వర్. “మీ ముందు ఒక పడవవాడున్నాడు.”

“వాడి పేరు?” అంది డోరీన్.

హాల్వర్ పేర్ల పుస్తకం తెరిచాడు.

“ఆగు. ముందు నా సామాను” అంది ఆమె. “నేను తాడు తీసుకుంటున్నా. మూడు తాళ్ళు. మోయొచ్చా?”

హాల్వర్ నిబంధనల పుస్తకంలో నూట పదో పేజీ కోసం వెతికినట్టు నటించాడు. అక్కడ చిరిగిన అంచు మాత్రమే ఉంది.

“ఎన్ని కావాలంటే అన్ని” అన్నాడు.

డోరీన్ ముఖం తిప్పుకుంది. ఆర్లో పాచికలు చేతిలోకి తీసుకుని, “అరిజోనా ఎక్కడికీ పోదులే, వచ్చే శుక్రవారం దాకా చూద్దాం” అన్నాడు. ఇంకా అలాగే చూస్తున్నాడని సోల్‌బర్గ్‌లో అంటారు.

హాల్వర్‌ను అడిగితే కాఫీ కప్పు కింద పెడతాడు. “పచ్చి అబద్ధం. నది మా ఇంటి ఛాయలకు రాలేదు. నాకు స్నానాలగది కాటాయే లేదు. నేను పుస్తకం చింపడమేమిటి? మూడు తాళ్ళు ఇరవై ఏడు పౌన్లు. డోరీన్‌ను ఏనాడూ మోయనివ్వలేదు.”