గురుగ్రహం తోక, మా అవ్వ శని

మొన్న నిజామాబాద్ బస్టాండు దగ్గర ఆటోలో కూర్చుని ఉంటే, పక్కనే స్కూటీ మీద పోతున్న ఒకావిడ చున్నీ గాలికి లేచి వచ్చి నా ముఖాన్ని చుట్టేసింది. గంజి వాసన, దాని వెనక కొంచెం అత్తరు వాసన. ఆవిడ "సారీ అక్కా" అని లాక్కుని వెళ్లిపోయింది. నేను మాత్రం ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఉండిపోయాను. ఆటో అతను అద్దంలోంచి అనుమానంగా చూశాడు. అతనికి రజియా టీచర్ తెలియదు కదా.

రజియా టీచర్ రుద్రూర్‌లో మాకు పదో తరగతి భౌతికశాస్త్రం చెప్పేవారు. రోజూ బోధన్ నుంచి చెరకు తోటల మధ్య రోడ్డులో స్కూటీ మీద వచ్చేవారు. పుస్తకంలో ఉన్నది సగం చెబితే లేనిది సగం చెప్పేవారు. మాకు ఆ లేనిదే బాగా గుర్తుండేది. సూర్యుడి నుంచి ఎడతెగకుండా విద్యుదావేశమున్న కణాల గాలి వీస్తూ ఉంటుందని, భూమి అయస్కాంత క్షేత్రం దానికి అడ్డం నిలబడుతుందని, పగటి వైపు ఆ క్షేత్రం నొక్కుకుపోయి రాత్రి వైపు పొడుగ్గా సాగి తోకలా తయారవుతుందని ఒకరోజు చెప్పారు. భూమికి తోకా అని మేం నోళ్లు తెరిచాం.

"నేను బండి మీద వస్తుంటె నా చున్నీ చూడలేదా? ముందల ముఖానికి అతుక్కుంటది, వెనక తోకలెక్క ఎగురుతది. సమజైందా?"

బాగానే సమజైంది. ఆ వారం టెస్టులో క్లాసు క్లాసంతా ఒకేలా రాశాం: భూమి వేగంగా పరుగెత్తుతుంది కాబట్టి తోక వెనకబడుతుంది. మర్నాడు టీచర్ పేపర్ల కట్టతో వచ్చి, "తప్పు మీది కాదు, నాది. ఉదాహరణ సగమే చెప్పిన. బయటికి రండ్రి" అన్నారు. గ్రౌండులో గాలి దుమారం. ఆమె స్కూటీకి స్టాండు వేసి, గాలికి వీపు పెట్టి కూర్చున్నారు. చున్నీ వెనక నుంచి లేచి హ్యాండిల్ మీదుగా ముందుకు ఎగిరింది.

"బండి ఆగే ఉన్నది గద? చున్నీ ఎటు పోతున్నది? గాలి ఎటు పోతె అటు! భూమి తోక గూడ గంతే, ఎప్పుడు సూర్యునికి అవుతలి దిక్కే. భూమి నడకకు జర వంగుతది, జరంతే..."

తర్వాతి మాటలు చున్నీ నోట్లోకి పోయి వినిపించలేదు. వరండాలో హెడ్మాస్టరు "మేడంకు ఏమైందయ్యా?" అని అటెండరును అడగడం మాత్రం స్పష్టంగా వినిపించింది.

పది పాసయ్యాక నిజామాబాద్ హాస్టల్లో ఉండి ఎంపీసీ చదవాలని నా కోరిక. బాపు సరేనన్నాడు. కానీ మా ఇంట్లో బాపు మాట వాళ్లమ్మ ముందు చెల్లేది కాదు. అవ్వ, అంటే మా నాయనమ్మ, పంతులును అడిగి వచ్చి, నాకు ఏలినాటి శని నడుస్తోందని, ఊరు దాటితే అరిష్టమని తేల్చేసింది. ఏడ్చాను, అన్నం మానేశాను. అవ్వ కరగలేదు. ఈ ఏడాది చేరకపోతే ఇక చదువు మాటే ఉండదని నాకు తెలుసు. చివరికి టీచర్‌ను బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను.

టీచర్ చాయ్ తాగుతూ నా మార్కుల గురించి చెప్పారు, హాస్టల్ గురించి చెప్పారు. అవ్వ తమలపాకు నములుతూ అన్నిటికీ ఒకటే జవాబు: "శని ఉన్నది బిడ్డా." రెండోసారో మూడోసారో ఆ పేరు వినేసరికి టీచర్‌కు పాఠం పూనింది.

"శని పెద్దదే అవ్వా. గాని గురుడు ఇంక పెద్దగుంటడు. సూర్యుని గాలికి గురుని తోక ఎంత పొడుగు సాగుతదంటె, శని దాక పోతది."

అవ్వ నమలడం ఆపింది. "గురుని తోక శనికి తగులుతదా?"

"తగులుతది. గప్పుడు శని మీద సూర్యుని గాలి బాగ తగ్గుతది. గురుని చాటుకు ఉన్నట్టే."

"అరె, గురుబలం! గా పంతులు గీ ముచ్చట చెప్పనే లేదు సూడు. పంపుండ్రి పిల్లను!"

ఆ సాయంత్రమే బాపు అటక మీంచి ట్రంకుపెట్టె దించాడు.

తెల్లారి ముంగిట్లో మళ్లీ స్కూటీ చప్పుడు. టీచర్ ముఖం చూడగానే ఎందుకొచ్చారో నాకు తెలిసిపోయింది. పేపర్ల కట్టతో వచ్చిన రోజు ముఖమే అది. అవ్వ వెనక నిలబడి వద్దన్నట్టు తల ఊపాను, కళ్లతో బతిమాలాను, దండం కూడా పెట్టాను. ఆమె అన్నీ చూశారు. అయినా చెప్పేశారు.

"అవ్వా, నిన్న సగమే చెప్పిన. గురుడు, శని ఒక్క వరుసకు వస్తెనే తగులుతది. అది చాన ఏండ్లకొక్కసారి. ఇప్పుడైతె తగుల్తలేదు. తగిలినా గూడ, పిల్ల సదువుకు దానికి ఏం సంబంధం లేదు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈ మనిషికి అంత చదువు ఎవరు చెప్పారా అని కోపం కూడా వచ్చింది.

"గిది చెప్పనీకె బోధన్ నుంచి మల్ల వచ్చినవా?" అంది అవ్వ.

"అవునవ్వా."

"చెప్పకుంటె పిల్ల పోయేది గద?"

"పోయేది. గాని మీకు అబద్ధం చెప్పి తీస్కపోయినట్టు అయితుండె."

అవ్వ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "గిన్ని ఏండ్లల మా పంతులు ఒక్కనాడన్న తప్పు చెప్పిన అని మల్ల రాలె" అని, నా వైపు తిరిగి, "ఏడుస్తవేందే? బట్టలు సదురుకో. గీమె అసొంటోళ్లు చెప్పే సదువైతె శని ఉన్నా సరే, పో" అంది.

ఇప్పుడు నేనూ భౌతికశాస్త్రమే చెబుతున్నాను. తప్పు చెప్పానని ఇంటికి వచ్చాక గుర్తొస్తే, మర్నాడు క్లాసులో మొదటి మాట అదే. పిల్లలు నవ్వుతారు, నాకు సిగ్గేస్తుంది. ఆ ఉదయం టీచర్ నా చదువు చెడగొట్టడానికే వచ్చినట్టు అనిపించింది. నా చదువు పోతే నాకంటే ఎక్కువ ఏడ్చేది ఆమేనని అప్పట్లో నాకు తెలియదు. ఆ సంగతి తనకు తెలిసి కూడా ఆమె నిజం చెప్పడానికి వచ్చారు.