గాజుగ్లాసులో నూరిన బ్లేడు

పాత రేజర్లు పోగుచేసే పిచ్చి నాది. నిన్న ఒకటి విప్పి కడుగుతుంటే ఎండిన సబ్బు వాసన గుప్పుమంది. డోన్‌లో మా ఇంటి అరుగు గుర్తొచ్చింది. యాభైల్లో పెరిగినవాళ్లూ, మీకూ గుర్తుందా? మొద్దుబారిన బ్లేడును గాజుగ్లాసు లోపల అటూ ఇటూ రుద్ది పదును పెట్టేవాళ్లు.

రైల్వేలో పనిచేసే మా నాయనకు రైలుపెట్టెల మధ్య నలిగి కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. గ్లాసును మోకాళ్ల మధ్య బిగించి, ఎడమచేత్తోనే బ్లేడు రుద్దేవాడు. ఎదురుగా అద్దం పట్టుకుని నేను. దవడ మీద రోజూ గాటు పడేది.

"ఒరే నాయనా, ఆ రక్తమేందిరా? మంగలాయన్ను పిలిపిస్తా ఉండు" అనేది మా అవ్వ.

"వద్దుమ్మా. ఒక చెయ్యి పోతే ఇంగో చెయ్యి ఉండాది గదా" అంటూ గాటు మీద పటిక అద్దుకునేవాడు.

ఒకరోజు గాటు పడలేదు. నాయన దవడంతా తడుముకుని, పటికను తడపకుండానే డబ్బాలో పెట్టేశాడు.

తర్వాత నాకూ గడ్డమొచ్చింది. ఎవరూ నేర్పలేదు, చూసిందే చేశాను. నాది కుడిచేతి వాటం. గడ్డం మాత్రం ఇప్పటికీ ఎడమచేత్తోనే గీసుకుంటాను.