వసుంధర ఇంట్లో నిప్పు కాపలా

ఫిబ్రవరిలో కేప్ బ్రెటన్ వెళ్తున్నానని చెప్పగానే, మందుల షాపులో నాతో పనిచేసేవాళ్ళంతా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఆ ద్వీపానికి జనం వేసవిలో వెళ్తారు, సముద్రం చూడ్డానికి. నేను గడ్డకట్టే చలిలో వెళ్తున్నది ఒక పొయ్యిని చూసుకోడానికి.

వసుంధరా నేనూ కాకినాడలో ఒకే హాస్టల్ గదిలో ఉండి చదువుకున్నాం. ఇప్పుడు తను ఆ ద్వీపంలో సిడ్నీ అనే ఊరి అవతల, ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తోంది. భర్త మూర్తిగారు పోయి రెండు చలికాలాలైంది. ఇప్పుడు తనకి మోకాలి ఆపరేషన్‌కి హాలిఫాక్స్‌లోని పెద్దాసుపత్రికి రమ్మని పిలుపొచ్చింది. అయితే వాళ్ళింట్లో వేడికి ఆధారం ఒక్కటే, వంటింట్లో ఉన్న బాయిలర్ పొయ్యి. అందులో కర్రలూ వెయ్యొచ్చు, బొగ్గూ వెయ్యొచ్చు. ఆ మంటకి నీళ్ళు కాగి, గొట్టాల్లోంచి అన్ని గదులకీ వెళ్ళి ఇల్లు వెచ్చబెడతాయి. నిప్పు ఆరితే నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. పక్కింటివాళ్ళు చలికాలమంతా ఫ్లోరిడాలో ఉంటారు. కర్రలు తెచ్చి పడేసే మనిషి దొరుకుతాడు గానీ, రోజుకి మూడు నాలుగుసార్లు పొయ్యి చూసే మనిషి ఎక్కడ దొరుకుతాడు?

"ఏమే పద్దూ, నేను తిరిగొచ్చేదాకా మా ఇంట్లో నిప్పు చూసుకుంటావా?" అని ఫోన్ చేసింది.

నేను వెంటనే సరేనన్నాను. నా లెక్క నాకుంది మరి. స్కార్‌బరోలో పద్నాలుగో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటాను. మాట్లాడ్డానికి మనిషి లేక టీవీ పెట్టుకుని అన్నం తింటాను. రెండో గదిలో సామాను తీసేసి, మంచం వేసి, కొత్త దుప్పటి కూడా పరిచి ఉంచాను. ఆపరేషన్ అయ్యాక ఆ పాడు ఇల్లు అమ్మించేసి, వసుంధరని తెచ్చుకుని నా దగ్గర ఉంచుకోవాలన్నది నా ఆశ. బ్రాంప్టన్‌లో ఉన్న వాళ్ళ మరిది కూడా ఇల్లు అమ్మెయ్యమనే పోరుతున్నాడు. కానీ అతను ఇస్తానన్నది బేస్‌మెంట్ గది, నాది కిటికీ ఉన్న గది.

బుధవారం పొద్దున్నే మా ఇంటి దగ్గరి గిల్డ్‌వుడ్ స్టేషన్‌లో మాంట్రియల్ రైలెక్కాను. మధ్యాహ్నానికల్లా మాంట్రియల్. అక్కడ స్టేషన్లోనే కాలక్షేపం చేసి, నేను తెచ్చుకున్న పులిహోర సగం తిని, సాయంత్రం ఏడుకి తూర్పు వైపు వెళ్ళే రైలెక్కాను. స్లీపర్ బెర్త్ విమానం కంటే ఎక్కువవుతుంది, అందుకని సీటు టికెట్టే తీసుకున్నాను. మీరు వెళ్తే మెడకింద దిండొకటి పట్టుకెళ్ళండి, నాకు ఆ బుద్ధి లేకపోయింది.

మర్నాడు తెల్లారేసరికి రైలు గడ్డకట్టిన అఖాతం పక్కన పోతోంది. నీళ్ళెక్కడ అయిపోయాయో, నేలెక్కడ మొదలైందో తెలియలేదు. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ స్వెటర్ అల్లుకుంటోంది. మాంక్టన్‌లో దిగుతుందట. ఎక్కడికని అడిగితే పొయ్యి సంగతి చెప్పాను.

"పొయ్యి ఉన్న ఇల్లంటే కుక్క ఉన్న ఇల్లే, వదిలి కదల్లేం," అంది నవ్వుతూ. "నేను నా పొయ్యి తీయించి ఎలక్ట్రిక్ హీటర్లు పెట్టించాను. ఇప్పుడెక్కడికైనా వెళ్ళొచ్చు."

"హాయి కదండీ," అన్నాను.

"హాయే. వెళ్ళడానికి మనుషులే లేరు," అని మళ్ళీ అల్లిక అందుకుంది.

ఆవిడ దిగిపోయాక ఆ సీటు వైపు చూడబుద్ధి కాలేదు.

సాయంత్రానికి ట్రూరోలో దిగాను. గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవడం మర్చిపోకండి. సిడ్నీ బస్సు ఆ పూట దొరకదు, స్టేషన్‌కి దగ్గర్లోనే ఒక మోటెల్లో పడుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం బస్సులో నా పక్కన మౌనిక అనే కరీంనగర్ అమ్మాయి కూర్చుంది. సిడ్నీలో కాలేజీ చదువుతూ కాఫీ షాపులో పనిచేస్తోంది.

"ఒక్కరే వచ్చిన్రా ఆంటీ, ఇంత చలిల?" అని ఆశ్చర్యపోయింది. పొయ్యి గురించి విని, "మీ ఫ్రెండే నయం. మా ఇంట్ల హీటర్ ఓనర్ చేతిలనే ఉంటది. జర పెంచున్రి అంకుల్ అంటే, స్వెటర్ ఏస్కో బిడ్డా అంటడు," అంది.

మిగిలిన పులిహోర ఇద్దరం పంచుకున్నాం. సముద్రం మీద రాళ్ళతో వేసిన కట్ట దాటితే కేప్ బ్రెటన్. అక్కడి నుంచి ఎటు చూసినా మంచు, మధ్యలో నల్లటి చెట్లు, ఎక్కడో ఒక ఇల్లు. సిడ్నీలో దిగేసరికి చీకటి పడింది. వసుంధర కుంటుతూనే కారేసుకుని వచ్చింది.

"చిక్కిపోయావేమే!" అన్నాను.

"నువ్వేమో చక్కగా ఉబ్బావు," అంది. ఇద్దరం ఆ చలిలో నిలబడి కాసేపు ఊరికే నవ్వుకున్నాం.

ఇల్లు కొండవాలు మీద చెక్కతో కట్టిన పాత ఇల్లు. వంటింట్లో నల్లటి ఇనుప పొయ్యి, నా నడుమెత్తు ఉంది. మూర్తిగారు నూనెతో మండే పాత ఫర్నేస్ పీకించేసి ముచ్చటపడి దీన్ని పెట్టించారట. వసుంధర రెండు రోజులు నాకు పాఠం చెప్పింది. పైన గాలి తలుపు, కింద గాలి తలుపు, మధ్యలో ఇనుప జల్లెడ, దాని కింద బూడిద ట్రే.

"కర్ర మంటకి గాలి పైనుంచి చాలు. జల్లెడ మీద రెండు వేళ్ళ మందాన బూడిద ఉంచెయ్, నిప్పుల్ని అదే కాపాడుతుంది. గోడ మీద, విషవాయువుని పసిగట్టే ఆ అలారం చూశావుగా, అది కూసిందంటే ముందు తలుపులు తెరిచి బయటికి పరిగెత్తు. బొగ్గు జోలికి మాత్రం పోకు తల్లీ, అది వేరే కథ," అంది.

"రెండు పొయ్యిలు కొనలేక ఒక్కదాంట్లోనే అన్నీ పెట్టారా మీ ఆయన?" అన్నాను.

"ఈ పొయ్యిని ఏమైనా అను, ఆయన్ననకు," అంది వసుంధర. పొయ్యి తలుపు గట్టిగా మూసింది. అప్పుడు నా గది ఊసెత్తడం బాగుండదని ఊరుకున్నాను.

ఆదివారం సాయంత్రం ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడ తనని హాలిఫాక్స్ తీసుకెళ్ళింది. కారెక్కేముందు వసుంధర నా రెండు చేతులూ పట్టుకుని, "ఆయన పోయాక చలికాలంలో ఒక్క రాత్రి కూడా ఈ ఇల్లు వదల్లేదే. వదిలితే ఆరిపోతుందని భయం. ఈసారి ఇల్లు పాడైతే ఇక అమ్మెయ్యడమే," అంది. నా మనసులో ఒక మూల మాత్రం సంతోషించింది, సిగ్గులేని మనసు.

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో నేనూ పొయ్యీ మిగిలాం. అంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. మా బిల్డింగ్‌లో పైవాళ్ళ నడకైనా వినిపిస్తుంది. ఇక్కడ గొట్టాల్లో నీళ్ళు పారే చప్పుడు తప్ప ఏమీ లేదు. పొయ్యితో మాట్లాడ్డం మొదలుపెట్టాను. "తిన్నావా? ఇంకో దుంగ వెయ్యనా?" అని అడిగేదాన్ని. నవ్వకండి, అక్కడ ఒక వారం ఉండి చూడండి. ఆపరేషన్ బాగా జరిగిందని మర్నాడు ఫోనొచ్చినప్పుడు కూడా ఆ మాట ముందు పొయ్యికే చెప్పాను.

ఆ రోజు మధ్యాహ్నం వాన మొదలైంది. నేలని తాకగానే గాజులా గడ్డకట్టే వాన. చీకటి పడేవేళకి కర్రలకని పెరట్లో షెడ్డు దగ్గరికి వెళ్తే తలుపు మంచుతో బిగిసిపోయింది. కాలితో తన్నాను, పారతో కొట్టాను, దిమ్మతిరిగేలా జారిపడ్డాను. తలుపు కదిలితే ఒట్టు. ఇంట్లో మిగిలినవి నాలుగు దుంగలు. నేలమాళిగ మెట్ల దగ్గర మాత్రం బొగ్గు నిండుగా ఉంది.

జోలికి పోవద్దంది గానీ, ఇంకేం చెయ్యను? ఆపరేషన్ అయి పడుకున్న మనిషికి ఫోన్ చెయ్యబుద్ధి కాలేదు. బూడిదని మెత్తగా సర్ది, నిప్పుల్ని దాని మీద పరిచి, పైన బొగ్గు పేర్చాను. కర్రకి నేర్చుకున్నట్టే కింద తలుపు గట్టిగా మూసి, పై తలుపు కాస్త తెరిచి, గొప్ప పని చేశానని పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి ముక్కు చల్లబడి ఉంది. గదికి వేడినిచ్చే రేడియేటర్ మీద చెయ్యి పెడితే రాయిలా చల్లగా ఉంది. పొయ్యి తెరిచాను. బొగ్గు వేసినది వేసినట్టే నల్లగా కూర్చుంది, దాని కింద బూడిద. బయట చలి గాలికి కిటికీలు గడగడలాడుతున్నాయి. ఇల్లు అప్పటికే బాగా చల్లబడింది, ఇంకో పూట ఇలాగే ఉంటే గొట్టాల పని అయిపోతుంది.

కుర్చీలో కూలబడ్డాను. ఇప్పుడు నేను సిడ్నీ వెళ్ళి హోటల్లో కూర్చుంటే చాలు. వానొచ్చింది, షెడ్డు తెరుచుకోలేదు, నేనేం చేస్తాను అనొచ్చు. అందరూ నమ్ముతారు. వసుంధర నా కిటికీ గదిలోకి వస్తుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. కానీ ఎదురుగా మేకుకి తన వంటింటి చేతిగుడ్డ వేలాడుతోంది, కొసలు కాలిపోయి, మసి పట్టి. రెండు చలికాలాలు ఒక్కతే ఈ పొయ్యి ముందు కూర్చుని కాలబెట్టుకున్న గుడ్డ. ఛీ, నా బతుకు, అనుకుని లేచాను.

అప్పుడు బుర్ర పనిచేసింది. మా ఇంట్లో బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టేవాళ్ళు. కుంపట్లో నిప్పు నీరసిస్తే ఏం చేసేవాళ్ళం? పుల్లతో పొడిచి బూడిదంతా కిందికి రాల్చి, కింది నోటి దగ్గర విసనకర్రతో విసిరేవాళ్ళం. బొగ్గుకి గాలి కిందినుంచి రావాలి! కట్టెల పొయ్యిలో నిప్పు కప్పెట్టినట్టు నేను బొగ్గు కింద బూడిద పరుపేసి, ఊపిరాడకుండా చేసి చంపాను. ఈ ఇనుప పొయ్యి కర్ర వేస్తే కట్టెల పొయ్యి, బొగ్గు వేస్తే కుంపటి. అంతే సంగతి.

బొగ్గంతా బయటికి తీశాను. జల్లెడ పూర్తిగా దులిపి, ట్రే ఖాళీ చేశాను. ఉన్న దుంగల్లో ఒకటి పుల్లలుగా చీల్చి, అట్టముక్కలతో మంట చేసి, అవి ఎర్రగా కణకణలాడాక గుప్పెడు గుప్పెడుగా బొగ్గు వేశాను. కింద తలుపు తెరిచి, గోడమీది క్యాలెండర్ పీకి, మోకాళ్ళ మీద కూర్చుని విసిరాను. చేతులు పడిపోయేలా విసిరాక బొగ్గు అంచున నీలం మంట లేచింది. "అమ్మయ్య, లేచావా నా తల్లీ!" అని గట్టిగా అరిచాను. వినేవాళ్ళెవరు? మధ్యాహ్నానికి రేడియేటర్లు వేడెక్కాయి. ఆ తర్వాత అది ఆరలేదు.

గురువారం ఆ ల్యాబ్ ఆవిడే వసుంధరని చేతికర్రతో దింపి వెళ్ళింది. వంటింట్లోకి రాగానే గుమ్మంలోనే ఆగి, కళ్ళు మూసుకుని ఆ వెచ్చదనం పీల్చుకుంది. కాఫీ ఇచ్చి, ఇదే సమయమని మొదలుపెట్టాను. వాన, షెడ్డు, చల్లారిన ఇల్లు, అన్నీ కాస్త ఎక్కువ చేసే చెప్పాను.

"ఈ ఇంటిని నమ్ముకోకే వసూ. ఇవాళ కాకపోతే రేపు ఆరుతుంది. నా దగ్గరికొచ్చెయ్. గది సిద్ధంగా ఉంది. నాకూ తోడుంటావు," అన్నాను.

వసుంధర నా మసి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని చూసింది.

"నిజంగా పూర్తిగా ఆరిపోయిందా?"

"నిలువునా ఆరిపోయింది."

"మళ్ళీ నువ్వే వెలిగించావా?"

"నేను కాక ఇంకెవరున్నారు ఇక్కడ?"

"ఆరితే ఇక అయిపోయినట్టేననుకున్నానే ఇన్నాళ్ళూ. అగ్గిపుల్ల కూడా సరిగ్గా గియ్యలేని దానివి, నువ్వే వెలిగించావంటే నేను వెలిగించుకోలేనా?" అంది. ముఖం విప్పారిపోయింది. మూర్తిగారు పోయాక ఆ ముఖంలో అంత వెలుగు నేను వీడియో కాల్లో కూడా చూడలేదు. నేను లేచి పొయ్యిలో గుప్పెడు బొగ్గు వేశాను.

తను పొయ్యి ముందు నిలబడగలిగే దాకా ఉన్నాను. కర్రలు మోసి పెట్టడానికి ఊళ్ళో మనిషిని మాట్లాడుకుంది. చివరి వారం నేను చూస్తుండగానే తనే బూడిద దులిపి, తనే బొగ్గు వేసింది. బస్టాండ్ దాకా దించడానికి ఎవరినో పిలుస్తానంటే వద్దని టాక్సీలో వచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో రైలు సగం ఖాళీ. పెట్టె వెచ్చగా ఉంది, ఆ వేడి ఎక్కడినుంచి వస్తోందో ఎవరికీ పట్టదు. మీరెవరైనా అటు వెళ్తే వేసవిలోనే వెళ్ళండి. చలికాలం తప్పకపోతే ఊలు సాక్సులు రెండు జతలు వేసుకోండి. బొగ్గు కింద మాత్రం బూడిద ఉంచకండి. నా వరకు నేను ఆ పొయ్యిని గెలిపించి, నా గది ఖాళీగానే ఉంచుకున్నాను. బాధగా లేదంటే అబద్ధం.

మాంట్రియల్ చేరుతుండగా ఫోన్ మోగింది. వసుంధర పంపిన ఫోటో. పొయ్యి తలుపు తెరిచి ఉంది, లోపల ఎర్రటి నిప్పు, పక్కన తన చేతికర్ర గోడకి ఆనించి ఉంది. వచ్చెయ్యవే అని రాద్దామని ఫోన్ పట్టుకున్నాను. మొదటి అక్షరం కొట్టి, చెరిపేసి, "బూడిద దులిపావా?" అని రాశాను.

"దులిపానే తల్లీ. నువ్వు తిన్నావా?" అని జవాబొచ్చింది.

తినలేదు. కానీ తిన్నాననే రాశాను.