పడగొట్టినోళ్లే లేపాలె

నా చిన్నప్పుడు రావల్కోల్ నుంచి మేడ్చల్ బడికి నడిచిపోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఐదో తరగతి కాగానే నా తోటి పిల్లలందరినీ ఇళ్లల్లో ఆపేశారు. నేను మొండిదాన్ని కాబట్టి మిగిలాను.

దారిలో వాగు ఒడ్డున గడ్డి కోసే పిల్ల ఒకతె ఉండేది. నాకంటే రెండేళ్లు పెద్దది, బలమైతే రెండింతలు. రోజూ నా సంచి గుంజుకుని, పుస్తకం తీసి, పేజీలన్నీ తిప్పి చూసి, చివరికి బురదలో విసిరేసేది. మూడో పుస్తకం కూడా పాడయ్యేసరికి బాపుకు విసుగొచ్చింది. "ఇగ బడి బంద్. సదివింది సాలు" అన్నాడు. రెండు పూటలు అన్నం ముట్టకుండా ఏడ్చాను.

ఆ ఏడుపు గోడ దాటి పక్కింటి చాచాకు వినిపించింది. ఆయన తాలీం ఉస్తాదు. తాలీం అంటే కుస్తీ, కర్రసాము నేర్పే చోటు, మా ఊళ్లో అదొక రేకుల కొట్టం. పీర్ల పండుగ దగ్గర పడుతుంటే సాయిబుల పిల్లలూ మావాళ్లూ కలిసే అక్కడ కర్ర తిప్పేవాళ్లు. చాచా వచ్చి బాపును ఒక నెల గడువడిగాడు. నెలయ్యాక ఈ పిల్లకు ఇక భయం లేదని తాను చెబితేనే ఒంటరిగా పంపాలి, అంతదాకా బాపే బడికి తోడు పోవాలి. బాపు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

కర్ర చేతికొస్తుందని ఎగురుకుంటూ పోయాను. ఇరవై రోజులు ఆయన నేర్పింది పడటం! మట్టికి మొక్కడం, మెత్తటి ఎర్రమట్టి మీద ముందుకు పడటం, పక్కకు పడటం, లేవడం. "పడుడు రానోళ్లకు లేసుడు రాదు బేటీ" అనేవాడు. నా లంగాలు ఉతకలేక అవ్వ ఆయన్ను తిట్టని రోజు లేదు. ఆ తర్వాతే కర్ర ఇచ్చాడు. మీదికొచ్చేవాళ్లను ఎదురు నెట్టొద్దు, పక్కకు జరిగి కాళ్లకు కర్ర అడ్డం పెట్టాలి, అంతే. అక్కడ ఎవరు పడినా పడగొట్టినవాళ్లే చెయ్యిచ్చి లేపేవాళ్లు. అది నేను రోజూ చూశాను గాని, పాఠమని అనుకోలేదు.

నెల నిండిన రోజు, పరీక్షగా ఆ ఒక్కరోజుకు చాచా అడిగితే బాపు నన్ను కర్రతో ఒంటరిగా పంపాడు. వాగు దగ్గర ఆ పిల్ల మీదికి రానే వచ్చింది. పక్కకు జరిగి కర్ర అడ్డం పెట్టాను. ధబ్బున పడింది. నేను వెనక్కి కూడా చూడకుండా బడికి పోయాను. ఆ రోజు నా కాళ్లు నేల మీద లేవు.

సాయంత్రం చాచాకు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన శభాష్ అనలేదు. "మరి లేపినవా?" అన్నాడు. లేదన్నాను. నా చేతిలో కర్ర తీసుకుని మూల పెట్టేశాడు.

"సగం ఆటనే ఆడొచ్చినవ్. గా పిల్లను లేపిందాకా మీ బాపుకు నేనేం చెప్ప" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పుస్తకాలు పోయింది నావి, తప్పు నాదా? కానీ బడి ఆయన నోటి మాట మీద ఉంది. తిట్టుకుంటూనే ఆ పిల్ల ఇంటికి పోయాను. మడమ వాచి, చింతాకు కట్టు కట్టుకుని గడప దగ్గర నేల మీద కూర్చుని ఉంది. కొట్టడానికొచ్చాననుకుని వెనక్కి జరిగింది. నన్ను చూసి ఒకరు భయపడటం అదే మొదలు. గెలిచిన సంతోషమంతా అక్కడే పోయింది. "పడగొట్టినోళ్లే లేపాలెనంట" అంటూ చెయ్యి చాపాను. ఆమె పట్టుకుంది. లేచి నిలబడ్డాక తల వంచుకుని, "గా పుస్తకంల కుందేలు కత ఉండె గద, ఆఖర్ల ఏమైంది?" అని అడిగింది.

మూడో తరగతిలో ఆమెను బడి మాన్పించారట. ఆమె పేజీలు తిప్పింది బొమ్మల కోసం కాదు. మర్నాడే చాచా బాపుతో చెప్పాడు. అప్పటి నుంచి బడి నుంచి వస్తూ వాగు ఒడ్డున ఆగి, ఆమె గడ్డి కోస్తుంటే నేను పాఠం చదివేదాన్ని.

ఇప్పుడు నా మనవరాలు గాజులరామారంలో కరాటే నేర్చుకుంటోంది. వాళ్లూ ముందు వంగి దండం పెడతారు. దాని స్నేహితురాలు కేరళ పిల్ల. వాళ్ల కలరిలో, అంటే వాళ్ల తాలీంలో, నేలను తాకి కళ్లకద్దుకుంటారట. జపాను ఎక్కడ, కేరళ ఎక్కడ, మా రేకుల కొట్టం ఎక్కడ! అందరికీ ముందు మొక్కు, తర్వాతే దెబ్బ. మనవరాలు గెలిచొచ్చి కప్పు చూపిస్తే నేను మొదట అడిగేది చాచా మాటే, "మరి లేపినవా?" అని. కోపంలో ఎవరినైనా నోటితో పడగొట్టిన రోజున నన్ను నేనూ అదే అడుక్కుంటాను. అన్నిసార్లూ మంచి జవాబు దొరకదు.

ఆ వాగు ఒడ్డు పిల్లను అత్వెల్లిలో ఇచ్చారు. ఇప్పటికీ పోతుంటాను. నా మోకాళ్లు పనిచేయవు, కింద కూర్చుంటే లేవలేను. ఆమే చెయ్యి చాపుతుంది. చాపి ప్రతిసారీ ఒకే మాట అంటుంది: "పడగొట్టినోళ్లే లేపాలంటివి. నిన్ను నేనెన్నడు పడగొట్టిన్నే?"