పడవ నాటకానికి దీపాలమ్మ తీర్పు

ఆ నాటక సమాజం అచ్చు వేయించిన కరపత్రాలన్నీ తిరగేసినా దీపాలమ్మ పేరు ఎక్కడా కనబడదు. నటుల పేర్లున్నాయి. హార్మోనిస్టు పేరు బిరుదుతో సహా ఉంది. ఆఖరికి కుర్చీలు అద్దెకిచ్చిన దుకాణం పేరు కూడా లావు అక్షరాల్లో ఉంది. పడవ నాటకం ఆడినన్నాళ్లూ రంగస్థలం పక్కన ఒక మూల నిలబడి, దీపాల మీటలు పైకీ కిందికీ జరుపుతూ, జనం ఏది చూడాలో ఏది చూడకూడదో నిర్ణయించిన మనిషికి మాత్రం అరంగుళం చోటు దొరకలేదు. ఇది అన్యాయమని ఎవరైనా అంటే ఆవిడ నవ్వేసేది. "వెలుతురు పడాల్సింది వాళ్ల మీద కదండీ!" అనేది.

ఆ నాటకం మొదటి నుంచి చివరిదాకా పాటలే. పడవ నడుపుకునే ఒక స్త్రీ, తన చెల్లెల్ని ఏట్లో ముంచి చంపిన ముగ్గురు అన్నదమ్ములను ఒక్కొక్కరినే పడవెక్కించుకుని, నడి ఏటిలో తెడ్డుతో కొట్టి చంపే కథ. అయితే ఆ చావులను ప్రేక్షకుడు ఏనాడూ చూడలేదు. తెడ్డు పైకి లేవగానే దీపాలమ్మ మీట దించేసేది. చీకట్లో తడి ఇసుక మూట మీద కర్ర దెబ్బ, తొట్టిలో నీళ్ల చప్పుడు, ఆగకుండా సాగే పాట. అంతే. చావును చూపించకపోవడం మనిషికిచ్చే మర్యాద అని ఆవిడ నమ్మకం.

ఇప్పుడు ఆ నాటకం సినిమా అయింది. ఎడిటింగ్ చేసింది దీపాలమ్మ ఒక్కగానొక్క కూతురే. నాటకం పేరు పెట్టుకోవాలంటే సమాజం ఒప్పుకోవాలి. సమాజంలో మిగిలింది ముగ్గురు: ఎనభై దాటిన హార్మోనిస్టు, పెద్దన్న వేషంలో ప్రతి ఆటలోనూ అందరికంటే ముందు చచ్చిపోయి 'పెద్ద శవం' అని పిలిపించుకున్న నటుడు, దీపాలమ్మ. ఒకరోజు ఉదయం చిన్న ప్రివ్యూ హాల్లో వాళ్ల కోసం సినిమా వేశారు. తన ముఖం చూస్తే తల్లి మొహమాటపడుతుందని కూతురు లోపలికి రాలేదు.

తెర మీద తెడ్డు లేచింది. దీపాలమ్మ చెయ్యి అలవాటుగా కుర్చీ చేతిని కిందికి నొక్కింది. వెలుతురు ఆరలేదు. తల పగిలింది. నెత్తురు పడవ పలకల సందుల్లోకి కారింది. ఆవిడ కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిస్తే శవం ముఖం ఇంకా అక్కడే ఉంది. మళ్లీ మూసి తెరిచింది. ఇంకా ఉంది. తరువాతి రెండు చావులకైతే కళ్లు తెరవనే లేదు.

దీపాలు వెలగగానే హార్మోనిస్టు చేతికర్ర నేలకేసి కొట్టాడు. "ఇది నాటకమా, కబేళానా? మన పాటకు నెత్తురుతో తలంటి పోశారు! నా ప్రాణం పోయినా పేరివ్వను."

"మీ ప్రాణానికేం మేష్టారూ, అది గట్టిది. పోయిందల్లా నాదే," అన్నాడు పెద్ద శవం. "ఎన్నేళ్లు చచ్చాను! ఒక్కడైనా చూశాడా? ఇసుక మూటకి పడ్డ చప్పట్లు నాకు పడలేదు. ఈ కుర్రాడు చూడండి, ఎంత దర్జాగా పోయాడో! నాకు సమ్మతమే."

"చావుకి కూడా కుళ్లుకుంటావేమిటయ్యా!" అని కసిరి, హార్మోనిస్టు దీపాలమ్మ వైపు తిరిగాడు. "తేల్చాల్సింది నువ్వే అమ్మాయీ. తల్లిగా కాదు, దీపాల మనిషిగా చెప్పు."

"ఒక్క నిమిషం మేష్టారూ," అని ఆవిడ వరండాలోకి వెళ్లింది.

కూతురు తాళాల గుత్తి తిప్పుతూ బల్ల మీద కూర్చుని ఉంది. "ఏమన్నారు?"

"ఒకరు ఛీ అన్నారు, ఒకరు భేష్ అన్నారు."

"నువ్వు?"

"కొడితే నెత్తురు కారుతుంది, నాకు తెలియనిదేం కాదు. చచ్చినవాడి ముఖం పట్టుకుని అంతసేపు వదలవేమే? అంత కసి ఏమిటే నీకు?"

కూతురు గుత్తి తిప్పడం ఆపింది. "లేస్తాడేమోనని."

"ఎవరు?"

"మావయ్య. పెద్ద శవం మావయ్య. చిన్నప్పుడు నన్ను మీటల బల్ల కింద కూర్చోబెట్టేదానివి. దెబ్బ వినపడేది. అంతా చీకటి. దీపం వచ్చేసరికి మావయ్య ఉండేవాడు కాదు. ఆట అయ్యాక అచ్చం అలాంటి మనిషే వచ్చి బిస్కెట్ ఇచ్చేవాడు. చచ్చిపోయినాయన తమ్ముడు కాబోలు అనుకునేదాన్ని. ఆటకొక తమ్ముడు. ఇంకా ఎంతమంది మిగిలారో అని భయపడేదాన్ని."

దీపాలమ్మకు ముందు నవ్వొచ్చింది. "అందుకా, ఆయన ఎత్తుకుంటే గుక్కపట్టేదానివి! మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. నాతో ఒక్క ముక్క చెప్పకూడదటే?"

"దీపం ఆర్పేది నువ్వే కదమ్మా. నీకు తెలిసే చంపుతున్నారనుకున్నాను."

నవ్వు అక్కడే ఆగిపోయింది. బిడ్డ కంట పడకూడదనే కదా బల్ల కింద దాచింది! ఆ బల్ల కింద ఇన్ని చావులు జరిగాయని ఏనాడూ ఊహించలేదు. ఆవిడ కూతురి ముఖం మీద పడ్డ జుట్టును చెవి వెనక్కి సర్ది, చెయ్యి అక్కడే ఉంచేసింది.

"లే, లోపలికి రా."

"నేనెందుకమ్మా?"

"చావులన్నీ కళ్లు మూసుకుని చూశాను. చూడనిదానికి తీర్పెలా చెప్పను?"

మూడు చావులూ మళ్లీ వేశారు. హార్మోనిస్టు సణిగాడు గానీ కుర్చీలోంచి లేవలేదు. దీపాలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని, ఈసారి రెప్ప వేయకుండా చూసింది. మొదట చచ్చినవాడి ముఖం నిలిచి ఉంది. నీళ్లకు జుట్టు కదిలింది. వీడు ఇప్పుడు లేస్తే బాగుండునని ఆవిడకూ అనిపించింది. లేవలేదు.

"ఏం తేల్చావు?" అన్నాడు హార్మోనిస్టు.

"పేరు ఇద్దాం మేష్టారూ. ఇది మన నాటకమే."

"కూతురని మెత్తబడ్డావు!"

"మెత్తబడితే బాగుందనేదాన్ని. అన్నానా?"

కూతురు గభాలున తల తిప్పింది. "బాగాలేదా?"

"మొదటి చావు నీది. దాని జోలికి వెళ్లకు. మిగతా రెండూ ముచ్చటపడి చంపారు. ఒకరి బాధ లేదు, ఒకరి భయం లేదు, వట్టి నెత్తురు. ఆ చప్పుళ్లలో పాట కొట్టుకుపోయింది. ఇది ఎవరి ఉబలాటం?"

"డైరెక్టరుది." కాస్త ఆగి, "కొంచెం నాది కూడా."

"అయితే నీ వంతు కోసెయ్. ఆయనతో పోట్లాడి ఆయన వంతూ కోసెయ్."

"ఎంత కోయమంటావు?" కూతురి గొంతులో నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి.

"పాట వినబడేంత."

హార్మోనిస్టు సణగడం ఆపాడు. చేతికర్ర చంకలో పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు.