హెడ్మాస్టరు జీతానికి సరిపడా పని

కరోనా తర్వాత బడులు మళ్లీ గాడిన పడిన మరుసటి ఏడాది, జూన్‌లో బడులు తెరిచే వారం, నన్ను పటాన్‌చెరు దాటాక ముంబై హైవే సర్వీసు రోడ్డు పక్కన ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా బదిలీ చేశారు. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లుంది. నాది గెజిటెడ్ హోదా. అంటే ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టవచ్చు, ఇతరుల సర్టిఫికెట్ల నకళ్లు అసలుకు సరిపోయాయని ధ్రువీకరించవచ్చు. అందుకోసం ఆకుపచ్చ పెన్నులు ఒక డబ్బా కొనుక్కుని మరీ చేరాను. వాటిలో చాలావరకు ఇప్పటికీ మా ఇంట్లో ఎండిపోతున్నాయి.

జీతం సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఆ రోజుల్లో నేను ఇంకే సంగతీ పెద్దగా ఆలోచించలేదు. బడిలో అందరి జీతాల బిల్లు తయారుచేసి ప్రతినెలా ఖజానా కార్యాలయానికి పంపే పని ప్రధానోపాధ్యాయుడిదే. ఆ బిల్లులో మొదటి పేరు నాది. పెద్ద అంకె మాత్రం రెండో పేరు పక్కన ఉండేది. ఆ పేరు సుగుణ గారిది, లెక్కల టీచరు. నాకంటే ముందు సర్వీసులో చేరారు. ఒకసారి పదోన్నతి వస్తే ఊరు దూరమని వదులుకున్నారు. ఏటేటా మూల వేతనంలో కలిసే ఇంక్రిమెంట్లు పోగుపడి ఆమె జీతం నన్ను దాటింది. నా కింద పనిచేసే మనిషికి నాకంటే ఎక్కువ రావడం, దాని మీద నేనే సంతకం పెట్టడం. నెలకోసారి ఆ పది నిమిషాలూ నాకు కడుపు మండిపోయేది. పాపం, ఆమెకు ఈ విషయమే తెలియదు.

బడి ఎదుటి చాయ్ హోటల్లో లెక్క ఇంకో తీరుగా ఉండేది. కంపెనీల్లో షిఫ్టు దిగినవాళ్లు అక్కడ చాయ్ తాగుతూ మాట్లాడుకోవడం ఒక సాయంత్రం కారులో కూర్చున్న నా చెవిన పడింది. “లక్షకు పైనే జీతమంట సార్‌కు. క్లాసు గూడ చెప్పడంట. గంట గొట్టేది అటెండరు, పాఠం చెప్పేది టీచర్లు. ఇగ ఆయనేం జేస్తడు?” అని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన చాయ్ గ్లాసు కింద పెట్టి, “సంతకం వెడ్తడు” అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. అద్దం ఎక్కించుకుని బయల్దేరాను. అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంట్ చేరేదాకా వాళ్లకు చెప్పాల్సిన జవాబు కూర్చుకుంటూనే ఉన్నాను. లిఫ్టు ఎక్కేసరికి కూడా అది పూర్తి కాలేదు.

సరిగ్గా అప్పుడే మా ప్రధానోపాధ్యాయుల సంఘం నాకో పని అప్పగించింది. కొన్నేళ్లకోసారి ప్రభుత్వం ఉద్యోగుల జీతాలు సవరించే ముందు ఒక కమిటీని వేస్తుంది, ఆ కమిటీ సంఘాల వాదన వింటుంది. దానికి మా తరఫున వినతిపత్రం రాయాలి. నా భాష బాగుంటుందని సంఘంలో పేరు. ప్రధానోపాధ్యాయుడి భుజాల మీద ఉన్న బాధ్యతల గురించి రాస్తూ పోతే పేజీలు నిండాయి. కిందిస్థాయి టీచరు తన అధికారి కంటే ఎక్కువ జీతం తీసుకుంటున్న దుస్థితికి ఉదాహరణగా, పేరు చెప్పకుండా, సుగుణ గారిని కూడా పెట్టాను.

ఆ రాతకోతల మధ్యలో, జూలైలో, ఒక మధ్యాహ్నం స్వరూప అనే ఆమె నా గదికి వచ్చింది. మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పని. తల మీద కంపెనీ టోపీ ఇంకా తీయలేదు. ఆమె కూతురు శ్రావ్య మా బడిలో ఆరో తరగతిలో చేరింది. ఫస్ట్ షిఫ్ట్ పడిన వారం కంపెనీ బస్సు తెల్లవారకముందే వచ్చేస్తుంది. భర్త లారీ మీద పోతాడు, వారాల తరబడి ఇంట్లో ఉండడు. పిల్లను గదిలో ఒంటరిగా వదలడం ఇష్టంలేక, బస్సెక్కుతూ బడి గేటు ముందు దింపి పోతోంది. అట్లాంటి పిల్లలు ఇంకొందరున్నారు. గేటు తెరిచేది తొమ్మిదికి. అందాకా వాళ్లు సర్వీసు రోడ్డు అంచున, టిప్పర్లు పోయే చోట, సంచుల మీద కూర్చుంటున్నారు.

“మేముండే గదుల లైన్ల అందరు ఒంటరి మొగపిల్లలే కిరాయికుంటరు సార్. ఎట్ల ఇడిసిపెట్టి పోవాలె? జెర పొద్దుగాల గేటు తీపియ్యుండ్రి. లోపల కూసుంటరు” అంది.

నేను నిబంధన చెప్పాను. బడి వేళకు ముందు విద్యార్థులెవరూ ఆవరణలో ఉండరాదు. ఈ నిబంధన పెట్టింది నేనే, చేరిన మొదటి వారంలో, ఎవరో నల్లాలు విప్పుకుపోయారని. కానీ ఆ మాట ఆమెతో అనలేదు. పైకి రాస్తానన్నాను.

“మీ పైన ఇంకెవరున్నరు సార్? మీరే పెద్దసారు గద?” అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. నేను మండల విద్యాధికారి, జిల్లా విద్యాధికారి అని వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆమె అంతా విని, “దసరా దాంక సూస్త. కాదంటే పిల్లను మా అమ్మ కాడికి నారాయణఖేడ్ దిక్కు తోల్త. మా అమ్మోళ్ల తండకు దగ్గర్ల హైస్కూల్ లేదు. పత్తి ఏరవోతది, ఇగ సదువు బంద్” అని చెప్పి వెళ్లిపోయింది.

మాట తప్పలేదు, రాశాను. గేటు ముందుగా తెరుచుటకు అనుమతి గురించి, విషయం, సూచిక, అన్నీ పద్ధతిగా. సంగారెడ్డి జిల్లా ఆఫీసు నుంచి ఆగస్టులో జవాబొచ్చింది: నిబంధనల మేరకు తగు చర్య తీసుకోవలెను. ఈ వాక్యం మా శాఖలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. అంటే, మంచి జరిగితే మేమే చెప్పాం, చెడు జరిగితే నువ్వే చేశావు. దానికి ఎట్లా జవాబివ్వాలో నాకూ బాగా తెలుసు. ఏ నిబంధనో తెలుపవలసిందిగా ప్రార్థన అని మళ్లీ రాశాను. పెద్ద పని చేసినట్టు ఆ రోజు తృప్తిగా భోంచేశాను కూడా.

దసరా సెలవులకు ముందు వారం కమిటీ విచారణ పడింది. ఆన్ డ్యూటీ మీద, అంటే సెలవు ఖర్చు కాకుండా, హైదరాబాద్ పోవడానికి నాకు అనుమతి వచ్చింది. తాళాలు, ఇన్‌చార్జి బాధ్యత సుగుణ గారికి అప్పగించాను. ఇన్‌చార్జికి అదనంగా జీతమేమీ ఉండదు. ఆమెకిప్పటికే ఎక్కువ వస్తోంది కదా అని నాకు అదొక ఊరట.

విచారణలో సంఘం వాళ్లు నన్నే మాట్లాడమన్నారు. కొత్త చొక్కా వేసుకుని, బాధ్యతల గురించి గట్టిగా మాట్లాడాను. కమిటీలో ఉన్న ఒక పెద్ద అధికారి కాగితాలు పక్కన పెట్టి, మీ బడిలో మీ సొంత నిర్ణయంతో మాత్రమే జరిగే పని ఒక్కటి చెప్పండి అన్నారు. సులువైన ప్రశ్న అనుకుని నోరు తెరిచాను. పరీక్షల తేదీలు పైనుంచి వస్తాయి. పుస్తకాలు, బదిలీలు, భోజనంలో ఏ రోజు గుడ్డు పెట్టాలన్నది కూడా పైనుంచే. అందరూ నా వైపే చూస్తున్నారు. చివరికి, లోకల్ హాలిడేలు సార్ అన్నాను. స్థానిక అవసరాన్ని బట్టి ఏడాదిలో కొన్ని సెలవులు ప్రకటించే హక్కు ప్రధానోపాధ్యాయుడికి ఉంటుంది.

“అంటే బడి మూసెయ్యడం” అన్నారాయన, రాసుకుంటూ.

మా సంఘం కార్యదర్శి తిరుగు ప్రయాణంలో నాతో రాకుండా వేరే కారెక్కాడు.

మర్నాడు బడికి వస్తే గేటు ముందు పిల్లలు లేరు. స్వరూప పెట్టిన దసరా గడువు ముందే వచ్చేసిందా అని భయపడ్డాను. లోపల వరండాలో కూర్చుని ఉన్నారు, కొందరు హోంవర్క్ రాస్తూ, కొందరు పోట్లాడుకుంటూ. శ్రావ్య ఒక చిన్నదానికి జడ వేస్తోంది. గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నారు. విషయమేమిటని సుగుణ గారిని అడిగాను. సెకండ్ షిఫ్ట్ వాళ్లు మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటారు. వాళ్లలో ఇద్దరు తల్లులు పొద్దున్నే వచ్చి గేటు తీసి పిల్లలను చూసుకుంటారు. వారం మారి షిఫ్టులు తిరగబడితే, అటువాళ్లు ఇటు కూర్చుంటారు. స్వరూప కూడా తన వంతు వారం వస్తుంది. సుగుణ గారు ఇన్‌చార్జి తీసుకున్న మొదటి సాయంత్రమే తల్లులను పిలిచి మాట్లాడి, ఇట్లా కుదిర్చారట.

ఎవరి అనుమతి తీసుకున్నారని అడిగాను.

“తాళాలు నాకిచ్చి పోయిండ్రు గద సార్” అన్నారామె. ఆమె వరకు అదే పూర్తి జవాబు.

నేను ఒప్పుకోలేదు, వద్దనలేదు. చూద్దాం అన్నాను. నా సర్వీసులో ఎక్కువ నిర్ణయాలు ఈ మాటతోనే తీసుకున్నాను. బాగా జరిగితే నా కనుసన్నల్లో జరిగినట్టు, చెడితే నేను ఇంకా చూస్తూనే ఉన్నట్టు.

నవంబరులో చెడింది. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు పొద్దున ఏడు గంటలప్పుడు మేడ మెట్ల పిట్టగోడ ఎక్కి జారిపడ్డాడు. మణికట్టు విరిగింది. కాపలా ఉన్న తల్లులే ఆటోలో పటాన్‌చెరు ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు వేయించారు. పిల్లవాడు వారం తిరగకుండానే కట్టుతో బడికొచ్చి అందరి చేతా దాని మీద పేర్లు రాయించుకున్నాడు. కానీ ఒక పత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది. మరునాడు నాకు మెమో వచ్చింది. బడి వేళకు ముందు పిల్లలను ఎవరి ఉత్తర్వుతో లోపలికి రానిచ్చారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

సంఘం కార్యదర్శికి ఫోన్ చేశాను. అలక మాని మంచి సలహాయే ఇచ్చాడు. “నువ్వు ఆన్ డ్యూటీల ఉన్నప్పుడు గద మొదలైంది? గదే రాయి. కాయితం నీ దిక్కే ఉంది” అన్నాడు. అట్లాగే రాశాను. సదరు ఏర్పాటు నేను విధి నిర్వహణపై హైదరాబాదులో ఉన్న సమయంలో ఇన్‌చార్జి ఉపాధ్యాయురాలు ప్రారంభించినదని తమకు విన్నవించుకుంటున్నాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. వచ్చే పదోన్నతుల జాబితాలో సుగుణ గారి పేరుందని, ఆమె మీద విచారణ నడుస్తుంటే ఆ పదోన్నతి ఆగిపోతుందని నాకు తెలుసు. తెలిసే రాశాను. భాష చాలా బాగా కుదిరింది, రెండుసార్లు చదువుకున్నాను.

ప్రింటు తీయబోతుంటే స్వరూప వచ్చింది. వెనక గుమ్మం బయట ఇంకో నలుగురు తల్లులు. “రేపు గేటు తీస్తరా సార్?” అంది. “తియ్యకుంటే ఇప్పుడే చెప్పుండ్రి. ఎల్లుండి పిల్లను ఖేడ్ బస్సెక్కిస్త. మల్ల రోడ్డు మీద కూసోవెట్ట.”

అడిగి చెప్తా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆ కమిటీ అధికారి కాగితం మీద రాసుకుంటున్న దృశ్యం కళ్లముందుకొచ్చింది. దీన్ని ధైర్యం అనుకోకండి. ఒక్కటి, కనీసం ఒక్కటి, ఆయనకు చెప్పగలిగేది ఉండాలనే ఉక్రోషం. “తీస్తం” అన్నాను. ఆమె నమ్మలేదనుకుంటా, “పక్కానా?” అంది. పక్కా అన్నాను.

ఆ సాయంత్రం రాసిన పేరా కొట్టేసి కొత్తది రాశాను. ఈ ఏర్పాటు కొనసాగడం నాకు తెలుసు, దాని బాధ్యత పూర్తిగా నాది, మేడ మెట్లకు తలుపు పెట్టించి తాళం వేయించాను, రేపటి నుంచి నా రాతపూర్వక ఉత్తర్వుతో గేటు ఐదున్నరకు తెరుస్తాము. ఉత్తర్వు మీద ఆకుపచ్చ పెన్నుతోనే సంతకం పెట్టాను. సుగుణ గారు విషయం తెలిసి గదిలోకొచ్చారు. “నా పేరు రాయుండ్రి సార్. తెరిచింది నేనే గద” అన్నారు. “జీతం తక్కువైనా హెడ్మాస్టర్‌ను నేనే గద మేడమ్” అన్నాను. అందులో జీతం ప్రసక్తి ఎందుకొచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. మర్యాదకు నవ్వి వెళ్లిపోయారు.

నా సంజాయిషీ సంతృప్తికరంగా లేదని తేల్చారు. సంచిత ప్రభావం లేకుండా ఒక వార్షిక ఇంక్రిమెంటు నిలిపివేత. అంటే ఒక ఏడాది పాటు ఆ పెరుగుదల రాదు, తర్వాత కలుస్తుంది. శిక్షల్లో చిన్నదే. దానివల్ల సుగుణ గారికీ నాకూ మధ్య జీతం తేడా ఇంకా పెరిగింది, ఆ బిల్లు మీద కూడా నేనే సంతకం పెట్టాను. గేటు మాత్రం మూయలేదు. మరుసటి ఏడాది మండల సమావేశంలో విద్యాధికారి ఆ బడిలో లాగా మీరూ చేసుకోండని ఇతర హెడ్మాస్టర్లకు చెప్పారు. నోటిమాటగానే, కాగితం మీద కాదు. సుగుణ గారు పదోన్నతి మీద సదాశివపేట దిక్కు వెళ్లారు. నేను రిటైరయ్యేనాటికి శ్రావ్య మా బడిలోనే ఎనిమిదో తరగతికి వచ్చింది. లెక్కల్లో మార్కులు అంతంత మాత్రమే.

ఇప్పుడు పొద్దున అమీన్‌పూర్ చెరువు దగ్గర నడుస్తుంటే, ఐటీ ఆఫీసులకు పోయే కుర్రవాళ్లు అడుగుతుంటారు, సర్కారు బడి హెడ్మాస్టరుకు అంత జీతం ఎందుకంకుల్ అని. మా సంఘం చెప్పమన్న జవాబు వేరే ఉంది. నాకు తెలిసింది ఇది. చాకిరీకైతే ఆ జీతం ఎక్కువ, ఆ చాకిరీ గుమాస్తా కూడా చేస్తాడు. అడగకుండా ఒక పని చేసి, చెడినప్పుడు నేనే చేశానని చెప్పడానికైతే అంత ఇవ్వడం న్యాయమే. ముప్పై ఏళ్లకు పైగా జీతం తీసుకున్నాను. అందులో నాకు న్యాయంగా చెందవలసిందని ఎవరి ముందైనా చెప్పగలిగేది ఆ ఒక్క ఏడాది ఇంక్రిమెంటే. అది నాకివ్వలేదు.