వెనక నిలబడి చెప్పిన దారి

మా అన్న గోపయ్యకు కుడి ఎడమలు తెలియవన్న సంగతి ఎయిర్‌పోర్టులో పనికి చేరాకే బయటపడింది. అంతకుముందు యాభై ఏళ్లు ఆయనకు ఆ మాటలతో అవసరం పడలేదు. నాగలి పట్టినవాడు ఎప్పుడూ ఎద్దుల వెనకే నడుస్తాడు. ఎడమ పక్కన కట్టింది దాపటెద్దు, కుడి పక్కన కట్టింది వలపటెద్దు. అన్నకు లోకమంతా అట్లాగే దాపల, వలపల. ముందర వీపు కనబడితే చాలు, ఏది ఎటో చెప్పేవాడు.

పొలం ఎయిర్‌పోర్టు కిందికి పోయింది. ఎద్దులను అమ్మేశాడు. వదిన అప్పటికే లేదు, పిల్లలు కలగలేదు. నేను షాద్‌నగర్‌లో బడిపంతులును. నా దగ్గరికి రమ్మంటే రాలేదు. శంషాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, 2008లో ఎయిర్‌పోర్టు తెరిచాక, కార్లు నిలిపే చోట కాపలా పనిలో కుదిరాడు. ఆదివారం నేను వెళ్తే, ఆ వారమంతా ఎవరెవరు దారి అడిగారో, వాళ్లది ఏ ఊరో చెప్పేవాడు. గదిలో పలకరించే మనిషి లేడు. దారి అడిగేవాళ్లే ఆయనకు చుట్టాలు.

ఆయన దారి చెప్పే పద్ధతి మాత్రం వేరు. ఎవరైనా "లిఫ్టు ఎక్కడ?" అంటే చుట్టూ తిరిగి వాళ్ల వెనక్కి పోయేవాడు. రెండు భుజాలూ చూసుకుని, "సీదా పోయి గోడ కాడ దాపలికి మర్లు బిడ్డా" అనేవాడు. అర్థం కానివాళ్లకు ఆ వైపు భుజం మీదుగా చెయ్యి చాపేవాడు. ఆ తర్వాత ముందుకొచ్చి, "ఏ ఊరు మనది?" అని అడిగేవాడు. చాలామంది నవ్వి, ఆగి, చెప్పి పోయేవారు.

2010 ఎండాకాలంలో ఒకామె, తన బ్యాగు కోసమే వెనక్కి వస్తున్నాడనుకుని కేక పెట్టింది. సూపర్‌వైజర్ మల్లేశ్వర్ ఉరికివచ్చాడు.

"ఏంది కాకా, మనుషుల ఎనకకు పోవుడేంది? ఆమెకు అరక కడుతున్నవా?" అన్నాడు నలుగురూ నవ్వేటట్టు. తర్వాత నవ్వు ఆపి, "ఇంకోపారి ఎవరి ఎనకకన్న పోయినవనుకో, తెల్లారి రాకు" అన్నాడు.

ఆ ఆదివారం అన్న అన్నం ముందు కూర్చుని తినలేదు.

"ఈ పని పోతే ఇగ నాతోటి ఎవరు మాట్లాడ్తరు తమ్మీ?"

బడిలో పిల్లలకు చెప్పే ఉపాయాలన్నీ చెప్పాను. అన్నం తినే చెయ్యి కుడి, గడియారం పెట్టుకునేది ఎడమ. లేచి ఆయనకు ఎదురుగా నిలబడ్డాను. "ఇప్పుడు నాకు దారి చెప్పు. నీళ్ల కుండ ఎటున్నది?"

"నీ తినే చెయ్యి దిక్కా, నా తినే చెయ్యి దిక్కా?"

"నాదే."

తన చెయ్యి చూసుకున్నాడు, నా చెయ్యి చూశాడు, నా ఎడమకున్న కుండను కుడికని చెప్పాడు. మూడుసార్లు అట్లాగే అయింది.

"మొఖం మొఖం చూసుకుంటే ఇద్దరికి ఒక్కటెట్లయితది? నా దాపల నీకు వలపల. పంతులువు, గంతగూడ తెల్వదా?"

"అందుకే తిప్పి చెప్పాలె అన్నా."

"తిప్పి చెప్పుడంటే అబద్ధం చెప్పినట్టే ఉంటది రా."

చివరికి ఉపాయం ఆయనే కనిపెట్టాడు. ఎవరి వెనక్కీ పోకూడదు కాబట్టి, తానే అటు తిరిగి వాళ్లకు తన వీపు పెట్టాడు. అప్పుడు ఇద్దరూ ఒకే దిక్కు చూస్తారు. అట్లా నిలబడి చెయ్యెత్తి దారి చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు. "ఇగ పక్కాగైనవ్ కాకా" అన్నాడట మల్లేశ్వర్. పని నిలిచింది.

కానీ ఆదివారాల్లో ఊళ్ల పేర్లు వినబడడం తగ్గింది.

"ఈ వారం ఎవరొచ్చిన్రన్నా?"

"మస్తు మంది వచ్చిన్రు."

"ఏ ఊరోళ్లు?"

"నేను ఇటు మర్లేసరికే పోతున్నరు తమ్మీ. ఆళ్ల ఇమానం ఆళ్లకుంటది గద."

మరుసటి ఏడు వానాకాలంలో, ఆరాంఘర్‌లో పని చూసుకుని వస్తూ ఆయన్ను చూసిపోదామని ఎయిర్‌పోర్టు కాడ దిగాను. కాసేపు పక్కన నిలబడ్డాను. ఇద్దరికి దారి చెప్పాడు. రెండుసార్లూ ఇటు తిరిగేసరికి ఎదుట మనిషి లేడు. తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు.

వెళ్లేముందు, ఆయన్ను నవ్వించడానికే, "షాద్‌నగర్ బస్సు ఎక్కడాగుతది సారూ?" అని అడిగాను. నవ్వాడు. నాకూ అట్లాగే వీపు తిప్పి చెయ్యెత్తాడు. "సీదా పోయి..."

అంతలో బస్సు హారన్ వినబడింది. అది తప్పితే గంటసేపు ఆగాలి. పరుగెత్తాను. ఎక్కాక కిటికీలోంచి చూద్దామంటే జనం అడ్డొచ్చారు.

ఆ తర్వాత తొమ్మిదో రోజు జ్వరంతో దవాఖానలో పోయాడు. నేను చేరేసరికి మాట్లాడే స్థితిలో లేడు.

నన్ను ఊరి పేరు అడగాల్సిన పని లేదు. అయినా ఆ రోజు ఇటు మర్లి ఏదో ఒకటి అడిగే ఉంటాడు.